చూసింది మాత్రమే

ఆగస్టు 19

సూర్యాపేట డాక్టర్ చెప్పిన పని మొదలుపెడుతున్నాను. చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు అని వెళితే బీపీ చూశాడు, మాత్రలు రాశాడు. లేవబోతుంటే కూర్చోమన్నాడు. రోజూ పొద్దున పది నిమిషాలు బయట కూర్చోవాలట. పురుగో, ఆకో, నీళ్లో... చిన్నది ఏదో ఒకటి చూడాలి. చూసి రాయాలి.

"అనుకున్నది రాయకు. చూసింది రాయి. నడుమల మనసు ఎటన్న పోతది. పోతే వాపస్ తెచ్చుకో, అంతే."

వాపస్. ఆ మాటకే వీపంతా చెమట.

ఈరోజు చూసింది: మా సబ్‌స్టేషన్ కంచె తీగ మీద తూనీగ. ఎర్రది. నాలుగు రెక్కలు.

అంతే.

ఆగస్టు 20

తూనీగ మళ్లీ అక్కడే. ఎర్రది కాదు. ఒళ్లు పసుపు, అడ్డంగా నల్ల గీతలు. నిన్న కూడా ఇదే అయి ఉంటుంది. తూనీగ అంటే ఎర్రగా ఉంటుందని చెయ్యి దానంతట అదే రాసేసింది. కళ్లు అటే ఉన్నాయి, నేను లేను.

రెండో రోజుకే ఈ పుస్తకంలో ఒక తప్పుడు ఎంట్రీ.

ఆగస్టు 21

డ్యూటీ. మధ్యాహ్నం రెండు దాటితే గుండె దడ. ఆపరేటర్‌ని... రోజుకు పదిసార్లు లైన్లకు కరెంటు ఇచ్చే బ్రేకర్ ఆన్, ఆఫ్ చేయడమే నా ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా విన్న చప్పుడే. ఇప్పుడు అది "ధడ్" అనగానే గోడ పట్టుకుంటున్నాను.

ఆగస్టు 23

సైదులుకు కరెంటు తగిలి నేటికి ఇరవై ఆరు రోజులు. హైదరాబాద్ దవాఖానలో ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి కింద నుంచి తీసేశారు. మా సబ్‌స్టేషన్ కింద అందరికన్నా మంచి లైన్‌మన్. వయసు ముప్పై మూడేళ్లు. గాలివానకు తీగ తెగితే అందరూ ఆయన పేరే చెప్తారు.

ఇంట్లో చాయ్ ఇస్తూ పద్మ అడిగింది, "పొద్దున్నే కూర్చుని ఏంటండీ రాసేది?"

"డాక్టర్ రాయమన్నడు. పురుగులు, పిట్టలు."

"పోన్లెండి, ఆ ఫోను పట్టుకుని కూర్చోటం కంటే నయం."

కోదాడ మనిషి. ఏ మాట అన్నా చివర నవ్వుతుంది. ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు.

చూసింది: వరి ఆకు కొసన నీటి బొట్టు. మంచు అనుకున్నాను. మంచయితే ఆకంతా తడిగా ఉండాలి కదా... ఆకు పొడుగునా పొడి. కొసన ఒక్కటే బొట్టు. ప్రతి ఆకుకూ అంతే. వేలు ఆనిస్తే వేలికి వచ్చేసింది. కదలకుండా కూర్చున్నాను. అదే కొసన మళ్లీ ఆవగింజంత.

ఆ కాసేపు ఏమీ గుర్తు రాలేదు. గుర్తు రాలేదని గుర్తొచ్చాక భయం వేసింది.

ఆగస్టు 27

కాగితానికైనా చెప్పాలి.

తీగ మీద పని చేసే లైన్‌మన్ ముందు నా దగ్గర ఎల్సీ తీసుకుంటాడు. అంటే నేను ఆ లైన్‌కు కరెంటు ఆపి రిజిస్టర్‌లో ఆయన పేరు, టైం రాస్తాను. పని అయ్యాక ఆయనే ఫోన్ చేసి "ఎల్సీ వాపస్" అంటాడు. పక్క గడిలో ఆ టైం రాయాలి. గడి నిండాకే బ్రేకర్ ఆన్ చేయాలి. గడి ఖాళీగా ఉంటే ఇంకా మనిషి పోల్ మీద ఉన్నట్టు.

ఆ రోజు ఒకే లైన్ మీద ఇద్దరు ఎల్సీ తీసుకున్నారు. సైదులు ఒకడు, పక్క ఊరి లైన్‌మన్ ఒకడు. పక్క ఊరాయన ఫోన్ చేశాడు: "నాది అయిపోయింది, వాపస్." సబ్‌స్టేషన్ ఫోన్ కుడిచెవికి ఉంది. ఎడమచేతిలో నా సెల్లు, అందులో ఏదో వీడియో. ఏం వీడియో అంటే ఇప్పుడు ఒట్టేసి కూడా చెప్పలేను. సరే అన్నాను. రిజిస్టర్ తెరవలేదు. లేచి వెళ్లి ఆన్ చేశాను.

సైదులు పోల్ మీదే ఉన్నాడు.

ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది. అరుపులు. లైన్ మళ్లీ ఆపాను. అప్పుడు తెరిచాను రిజిస్టర్. సైదులు పేరు. పక్కన ఖాళీ గడి. పెన్ను తీసి అందులో 2.40 అని రాశాను.

అప్పుడు చెయ్యి వణకలేదు. గుండ్రంగా, అందంగా పడ్డాయి అంకెలు.

తర్వాత మా ఇంజనీరు ఏఈ సార్ అడిగితే అదే చెప్పాను. సైదులు ఎవరి ఫోన్ నుంచో చేసి వాపస్ ఇచ్చాడు, ఇచ్చాక మళ్లీ ఎందుకు ఎక్కాడో తెలియదు అని. ఇప్పుడు ఊళ్లన్నీ అదే అంటున్నాయి. ఆయనదే తప్పు అని తేలితే రావలసిన పరిహారం ఏదీ రాదు. ఉద్యోగం కూడా అనుమానమే.

ఆగస్టు 28

వాన. ఏమీ చూడలేదు. నిన్న రాసిన పేజీలు చించేద్దామని రెండుసార్లు పట్టుకున్నాను.

సెప్టెంబర్ 1

గిజిగాడు. కాలువ పక్క ఈత చెట్టు మీద గూళ్లు. మగపిట్ట పొలంలో దిగి, వరి ఆకు అంచును ముక్కుతో కొరికి, అక్కడ పట్టుకుని పైకి ఎగురుతుంది. ఆ ఎగరడంలోనే ఆకు సన్నటి పోగులా చీలుతుంది. నిమిషానికి ఒక పోగు. ఒక పోగు జారి నీళ్లలో పడింది. దాని వెంట పడలేదు, కొత్తది చీల్చుకుంది.

పది నిమిషాలు అనుకున్నాను. నలభై అయింది.

చూస్తున్నంతసేపు ఊపిరి తిన్నగా ఉంటుంది. లేవగానే మళ్లీ మొదలు. పైగా ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి, ఆ గడి కూడా. మాత్రలు వేసుకుని మసకలో ఉన్నప్పుడే నయంగా ఉంది.

సెప్టెంబర్ 4

సైదులును ఇంటికి పంపించారట. చూసి రావాలని ఆఫీసులో అందరూ బయల్దేరుతున్నారు. నేను జ్వరం అన్నాను.

సెప్టెంబర్ 7

వెళ్లాను. త్రిపురారం దాటి తండా. బండి ఆపగానే సైదులు మంచం మీద లేచి కూర్చోబోయాడు. "వెంకన్న వచ్చిండు, కుర్సీ ఎయ్యి" అని భార్యను కేకేశాడు. బుజ్జి కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. ఆమె నా ముఖం చూడలేదో, నేనే చూడలేదో.

వాళ్ల అమ్మ గడప మీద కూర్చుని కొడుకుతో వాళ్ల భాషలో ఏదో అంటోంది. నాకు అర్థం కాదు. నడుమ ఒక్క మాట మాత్రం తెలుస్తోంది. ఎల్సీ... మళ్లీ ఎల్సీ.

"అమ్మ ఏమంటాందంటే, జర యాదికి తెచ్చుకో బిడ్డా, నువ్వే ఇచ్చి మర్శిపోయినవేమో అంటాంది."

నేను నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

"పోల్ ఎక్కిందాంక యాదికున్నది అన్నా. తర్వాత కండ్లు తెరిస్తే దవాఖాననే. నడుమ ఏం లేదు. మొదట్ల నేను ఇయ్యలే, ఇయ్యలే అని ఒర్రిన. ఇప్పుడు నాకే అనుమానం వట్టింది. నేనే ఇచ్చిన్నేమో. ఇచ్చి మళ్ల ఎక్కిన్నేమో. గట్లెట్ల ఎక్కుత నేను? పిచ్చోన్నా?"

ఒక ఈగ వచ్చి కట్టు మీద వాలింది. ఆయన భుజం కదిలింది, చెయ్యి ఉన్నప్పుడు కదిలినట్టే. ఈగ కదల్లేదు. మళ్లీ భుజం కదిలింది. నేను ముందుకు వంగి తోలాను.

"నువ్వే చెప్పన్నా. నీతోనే మాట్లాడిన గదా. ఫోన్ల నేను ఏమన్న?"

అడిగాడు. నా కళ్లలోకి చూసి అడిగాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకు సైదులూ. జర రెస్ట్ తీస్కో."

అదీ నేను చెప్పింది.

సెప్టెంబర్ 8

ఈగ. భుజం. ఈగ.

సెప్టెంబర్ 10

ఎంక్వైరీ పదిహేడున మిర్యాలగూడలో. కాగితం వచ్చింది. కోదాడ వెళ్లి బామ్మర్దిని కలిశాను. వకీలు దగ్గర గుమాస్తా. విషయం మొత్తం చెప్పలేదు, "ఒకవేళ" అని మొదలుపెట్టాను. నన్ను మధ్యలోనే ఆపేశాడు.

"బావా, ఒకవేళలొద్దు. రిజిస్టర్లో ఏముంది? టైం ఉంది. అదే మాట. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడినా ఉద్యోగం పోద్ది, పైన కేసు కూడా పడుద్ది. అసలు నాకేం చెప్పలేదు మీరు, నేనేం వినలేదు."

తెలిసిపోయింది వాడికి. బస్టాండ్ దాకా వచ్చి, అరటిపళ్లు కొనిచ్చి, "అక్కకి చెప్పకండి" అన్నాడు.

సెప్టెంబర్ 12

డ్యూటీకి సెలవు పెట్టి వాడపల్లి వెళ్లాను. ఎందుకో తెలియదు. సంగమం దగ్గర మెట్ల మీద కూర్చున్నాను. మూసీ నీళ్లు వేరే రంగు, కృష్ణ నీళ్లు వేరే రంగు, నడుమ గీత ఉంటుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం, మనమూ చెప్తాం. గంటసేపు గీత కోసం చూశాను. గీత లేదు. అటూ ఇటూ ఒకటే బురద రంగు.

గుర్రపుడెక్క ముక్కలు మూసీ వైపు నుంచి వస్తున్నాయి. ఒకచోట నెమ్మదిస్తాయి. అక్కడ ఒక్క చుట్టు తిరుగుతాయి... తర్వాత కృష్ణ వెంట పోతాయి. ఏ ముక్క వచ్చినా అక్కడే, అదే చుట్టు. కలిసే చోటు అది.

ఎన్నిసార్లు వచ్చి ఉంటాను ఇక్కడికి. గీత ఉందనే చెప్పాను అందరికీ.

సిమెంటు లారీలు పోతున్నాయి వెనక. తల నొప్పి. సైదులు కూడా ఇప్పుడు ఇదే చేస్తున్నాడు. లేనిదాన్ని ఉందేమో అని వెతుక్కుంటున్నాడు. నేను రాసిన అంకెల కోసం తన బుర్రలో వెతుక్కుంటున్నాడు.

సెప్టెంబర్ 14

పద్మకు చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతోంది. బిడ్డ కాలేజీకి వెళ్లింది. ముందు నుంచి మొదలుపెట్టి చివరిదాకా ఆపకుండా చెప్పాను. ఈ పుస్తకం కూడా ముందు పెట్టాను. చదవలేదు.

కాయలు తుంచడం ఆపి, "ఆ అమ్మాయి నాకు రెండుసార్లు ఫోన్ చేసింది" అంది.

"ఎవరు?"

"బుజ్జి. 'అక్కా, మా ఆయనది తప్పేనంటావా' అని. నేనేమన్నానో తెలుసా? 'ఏం చేస్తాం అమ్మా, నీ ఖర్మ' అన్నాను. నాచేత అనిపించారు మీరు."

తర్వాత లేచి పొయ్యి కట్టేసింది. పప్పు సగంలో ఉంది.

"పదిహేడున ఏం చెప్తారు?"

"జరిగింది చెప్తా."

"చెప్పాక మనం ఏం తినాలి? దాని చదువు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. తలుపు వేసుకుంది.

సెప్టెంబర్ 15

మాటల్లేవు.

పెరట్లో తొండ. గొంతు కింద చర్మం ఊగుతోంది, ఊపిరికి రెండుసార్లు. నన్ను ఒక కన్నుతో చూస్తోంది, రెండో కన్ను చీమల వైపు.

సెప్టెంబర్ 16

పద్మ కంచం పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు.

బిడ్డ అడిగింది, "ఏమైంది నాన్నా?" రేపు సాయంత్రం చెప్తానన్నాను.

సెప్టెంబర్ 17

ఎంక్వైరీకి వచ్చిన ఆఫీసర్ కొత్తాయన. ఎదురుగా రిజిస్టర్, ఆ పేజీలో కాగితం ముక్క పెట్టి ఉంది.

"ఇది రాసింది నువ్వే గదా?"

"నేనే సార్."

"ఎప్పుడు రాసినవ్?"

"తర్వాత సార్. దెబ్బ తగిలిందని ఫోన్ వచ్చినంక. సైదులు నాకు ఫోన్ చెయ్యలే. వాపస్ ఇయ్యలే."

ఆయన పెన్ను ఆగింది. కళ్లజోడు తీశాడు, తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు.

"ఏమంటున్నవో తెలుసా నీకు?"

"తెలుసు సార్."

"పోయి చాయ్ తాగి రా. పది నిమిషాలు. వచ్చినంక మళ్ల మొదటి నుంచి అడుగుత. నేనింకా ఏం రాయలే."

దయో, పరీక్షో తెలియదు. బయటికి వచ్చాను. చాయ్ తాగలేదు. ఆఫీసు వెనక నల్లా కారుతోంది, కింద కొంచెం బురద. దాని మీద కందిరీగ లాంటిది, నడుము దారమంత. మట్టిని నోటితో గీరి, ముందుకాళ్లతో తిప్పుతూ ఉండ చేస్తోంది. తల కిందికీ పైకీ. శనగగింజంత అయ్యాక ఎత్తుకుని గోడ దాటిపోయింది. నా మనసు బిడ్డ ఫీజు మీదికి పోయింది, తర్వాత జైలు మీదికి, ఊళ్లో ఉన్న మా అమ్మకు తెలిస్తే... వాపస్ తెచ్చుకున్నాను. అది మళ్లీ వచ్చింది. మళ్లీ ఉండ. మళ్లీ పోయింది. నాలుగుసార్లు. మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతున్నాయి అని కూడా చూశాను, పురుగును చూసినట్టే.

లోపలికి వెళ్లాను. ఆయన మళ్లీ అడిగాడు. నేను అదే చెప్పాను, వీడియో సంగతితో సహా. ఈసారి రాసుకున్నాడు. చదివి వినిపించి సంతకం పెట్టించాడు. సంతకం వంకరగా వచ్చింది.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "ఎవరన్నా చెప్పమన్నరా నీకు?"

"లేదు సార్."

సాయంత్రం బిడ్డకు చెప్పాను. విని, లేచి, వాళ్లమ్మ పక్కన కూర్చుంది.

సెప్టెంబర్ 18

సస్పెండ్. పోలీసు స్టేషన్‌కు కూడా కాగితం పోతుందట. ఏఈ సార్ ఫోన్ చేశాడు, "ఎంత పని చేసినవ్ వెంకన్నా." ఏ పని గురించి అన్నాడో అడగలేదు.

సెప్టెంబర్ 19

గుండె తేలికవుతుందని అనుకున్నాను. కాలేదు.

సెప్టెంబర్ 22

సైదులుకు నా నోటితో చెప్పాలని బండి తీసుకుని తండా దాకా పోయాను. అప్పటికే తెలుసు వాళ్లకు. వాకిట్లో వాళ్ల అమ్మ. నన్ను చూసి లేచింది. చేతిలో చీపురు అలాగే ఉంది. తెలుగులోనే అంది, నాకు అర్థం కావాలని.

"పో."

వచ్చేశాను.

సెప్టెంబర్ 24

పది రోజులకు పద్మ నోరు విప్పింది. ఈసారి తనే బుజ్జికి ఫోన్ చేసింది. క్షమించమని అడిగింది. స్పీకర్ పెట్టలేదు కానీ ఆ పిల్ల మాటలు ఇల్లంతా వినపడ్డాయి.

"అన్నం తింటా గూడ నేనే చేసిన, నేనే చేసిన అంటుండె అక్కా. నెల దినాల సంది. నెత్తి గోడకేసి కొట్టుకుండు. చెయ్యి వోయింది, సరే, కరెంటు పని, ఎవరికన్న పోతది. గా నెల దినాలు ఎట్ల వాపస్ ఇస్తడు మీ ఆయన?"

పద్మ ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, "రేపటి నుంచి నేను మా కోదాడ స్నేహితురాలి బట్టల షాపులో చేరుతున్నా" అంది. అంతే. కోపం పోలేదు. పోవాలని నేనూ అనుకోవట్లేదు.

సెప్టెంబర్ 29

సూర్యాపేట. డాక్టర్ దగ్గరికి. నిద్ర మూడు గంటలు వస్తోంది అని చెప్పాను. పుస్తకం చూడొచ్చా అన్నాడు. వద్దన్నాను. "రాస్తున్నవా?" "రాస్తున్న." "ఫరక్ ఉన్నదా?"

ఏం చెప్పాలి. ఫరక్ ఉంది. ముందు ఎక్కడున్నా అక్కడ ఉండేవాణ్ని కాదు. ఇప్పుడు ఉంటున్నాను. ఉంటే అన్నీ తగులుతున్నాయి.

"ఉన్నది సార్" అన్నాను. మాత్ర సగం చేశాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు. అద్దం మీద వాన చినుకులు. బస్సు కదిలితే వెనక్కి పాకుతున్నాయి, ఆగితే కిందికి. ఒక చినుకు ఇంకోదాన్ని తాకగానే రెండూ వేగం అందుకుంటున్నాయి.

అక్టోబర్ 4

సైదులు ఫోన్. నంబర్ కొత్తది, గొంతు ఆయనదే. పేరు పెట్టి పిలవలేదు, అన్నా అనలేదు.

"రేపు పది గంటలకు కాలువ కట్ట మీదికి రా. మా పొలం కాడికి. ఇంటికి రాకు, అమ్మ ఉంటది."

"వస్త."

"ఏమంటనో నాకే ఎర్కలేదు. తిడ్తనో, కొడ్తనో. ఒక్కనివే రా."

పెట్టేశాడు. పద్మకు చెప్పాను. "వెళ్లండి" అంది. వంటింట్లోకి పోతూ, "హెల్మెట్ పెట్టుకోండి" అంది.

అక్టోబర్ 5

తొమ్మిదిన్నరకే వచ్చాను. కట్ట మీద కూర్చుని ఉన్నాను. పుస్తకం వెంట తెచ్చాను, చేతులకు ఏదో ఒక పని ఉండాలని.

సైదులు పొలం పొట్ట దాటి కంకి వేసింది. ఇన్నేళ్లుగా వరి మధ్య ఉంటూ వరి పువ్వు ఎప్పుడూ చూడలేదు నేను. పూత అంటాం, వచ్చింది అంటాం, అంతే. ఇప్పుడు, ఈ నిమిషంలో, గింజలు నోళ్లు విప్పుతున్నాయి. రెండు పొట్టుల నడుమ సందు, అందులోంచి తెల్లటి దారాలు బయటికి, ఒక్కో దారం కొసన పసుపు మూట. ఒకే గింజను పట్టుకుని లెక్కపెట్టాను. ఆరు. గాలి లేదు. అయినా అవి ఊగుతున్నాయి... నా ఊపిరికి. మూతి తిప్పుకుని ఊపిరి వదిలాను.

పది అయింది.

వస్తున్నాడు. ఒక్కడే. కుడివైపు చొక్కా చేతిని పైకి మడిచి పిన్ను పెట్టుకున్నాడు. కట్ట ఇరుకు, బురద, అడుగు చూసుకుని వేస్తున్నాడు. ఒకసారి జారబోయి ఎడమచేతిని గాల్లోకి చాచి నిలదొక్కుకున్నాడు. నేను లేచాను. పరుగెత్తి పట్టుకోవాలా, వద్దా... ఒక్కనివే రా అన్నాడు కానీ దగ్గరికి రమ్మనలేదు. నిలబడ్డాను. నిలబడే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

నలభై అడుగులు ఉంటుంది. ఆగాడు. నన్నే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. నాతో అంటున్నాడో, తనలో తాను అనుకుంటున్నాడో.

తల దించుకోవాలని ఉంది. దించలేదు.

మళ్లీ నడుస్తున్నాడు. పెన్ను జేబులో పెడుతున్నాను.